రసబంధము: ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ జీవితము

లోహములలో పాదరసమంత చంచలమైనది మరియొకటి లేదు. అరచేత పోసినచో నిలువదు. నేలపై చిందినచో చిన్న చిన్న పూసలై పరుగెత్తును. నిప్పు తగిలినచో ఆవిరియై అదృశ్యమగును. దానిని కదలకుండ బంధింపవలెనని మన పూర్వులు శతాబ్దముల తరబడి కొలుముల ముందు కూర్చుండిరి. ఆ విద్యకు రసబంధమని పేరు. కృష్ణాతీరమందలి శ్రీపర్వతమున సిద్ధనాగార్జునుడు ఈ విద్యను సాధించెనని సంప్రదాయము చెప్పుచున్నది. వేమనయోగి బంగారము చేయు రహస్యము నెరిగినవాడని తెలుగుపల్లెలలో కథలు చెప్పుకొందురు. ఇట్టి కథలలో సత్యమెంతయో, కల్పన యెంతయో ప్రాచీన గ్రంథముల నాధారము చేసికొని వేరుచేసి చూపిన మహనీయుడు వంగదేశమున జన్మించెను. పాదరసమును ఒక అపూర్వలవణ రూపమున బంధించి లోకమునకు చూపినవాడును ఆయనయే. ఆయన ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్.

రాయ్ 1861 ఆగస్టు 2వ తేదీన, నేటి బంగ్లాదేశములోని ఖుల్నా మండలమున, కపోతాక్షీ నదీతీరమందలి రారూలీ గ్రామమున జన్మించెను. తండ్రి హరిశ్చంద్ర రాయ్, తల్లి భువనమోహినీదేవి. హరిశ్చంద్రుడు భూస్వామి, పారశీక భాషాపండితుడు, ఆంగ్లవిద్య నాదరించినవాడు, తన గ్రామమున పాఠశాలలను నెలకొల్పినవాడు. ఇంట మంచి గ్రంథాలయ ముండెను. కాలువలు, వరిచేలు, వరదనీరు, మెత్తని ఒండ్రుమట్టి: కృష్ణా డెల్టాలో పెరిగిన బాలునకు ఎట్టి దృశ్యములు కంటబడునో, గంగా డెల్టాలో పెరిగిన ఆ బాలునకును ఇంచుమించుగ అట్టివే కంటబడెను. నేల పండినను రైతు ఏల పస్తుండునన్న ప్రశ్న ఆయనను కడవరకును విడువలేదు. దానికి బీజము ఆ గ్రామముననే పడెను.

బిడ్డల చదువుకొరకై 1870లో కుటుంబము కలకత్తాకు తరలెను. ప్రఫుల్లచంద్రుడు హేర్ పాఠశాలలో చేరెను. 1874లో తీవ్రమైన రక్తగ్రహణి వ్యాధి సోకి ఆయన చదువు నిలిచిపోయెను. రెండేండ్లు ఇంటనే యుండి తండ్రి గ్రంథాలయమును ఆబగా చదివెను. చరిత్రలు, జీవితచరిత్రలు ఆయనకు మిక్కిలి ప్రియములు. వ్యాధి తగ్గినను జీర్ణశక్తి తిరిగి రాలేదు. నాటినుండి మరణపర్యంతము మితాహారము, వేళతప్పని నిద్ర, సాయంకాలపు నడక ఆయనకు వ్రతములయ్యెను. ఎనుబదిరెండేండ్లు జీవించిన ఆ పలుచని శరీరము నిత్యనియమముచేతనే నిలిచెను.

తరువాత ఆయన ఆల్బర్ట్ పాఠశాలలోను, విద్యాసాగరుడు స్థాపించిన మెట్రోపాలిటన్ కళాశాలలోను చదివెను. రసాయనశాస్త్ర పాఠములు వినుటకు మాత్రము ప్రెసిడెన్సీ కళాశాలకు పోవలసియుండెను. అచట అలెగ్జాండర్ పెడ్లర్ ప్రయోగములు చేసి చూపుచు బోధించెడివాడు. ఆ ప్రయోగములు చూచి తృప్తిపడక, రాయ్ ఒక సహాధ్యాయి బసలో చిన్న ప్రయోగశాలను నెలకొల్పెను. రేకుపనివానిచేత ఒక ఊదుగొట్టమును చేయించి, ఉదజని, ప్రాణవాయువులను అందు మండింపబోయిరి. అతుకులు సరిగా లేనందున అది పెద్దధ్వనితో ప్రేలెను. మిత్రులిరువురును ప్రాణములతో బయటపడుట వారి అదృష్టము. పదార్థములందు దాగియుండు శక్తితో ఆయనకు కలిగిన తొలి పరిచయమిది.

1882లో గిల్‌క్రైస్ట్ విద్యార్థివేతనమును గెలుచుకొని రాయ్ స్కాట్లండు దేశమునకు పోయి ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరెను. అచట క్రమ్ బ్రౌన్ ఆయన గురువు. 1885లో పట్టము పొందెను. ఆ రోజులలోనే సిపాయీల తిరుగుబాటునకు ముందు, వెనుకల భారతదేశ పరిస్థితిని గూర్చి ఒక వ్యాసపోటీ జరుగగా, రాయ్ బ్రిటిషు పరిపాలనను నిర్భయముగ విమర్శించుచు వ్యాసము వ్రాసెను. బహుమతి రాలేదు గాని న్యాయనిర్ణేతల ప్రశంస లభించెను. రాగి, మెగ్నీషియము జాతి లోహముల జంటసల్ఫేటులపై చేసిన పరిశోధనకు 1887లో డాక్టరు పట్టమును, హోప్ బహుమతియు లభించెను. ఒకటికి మించిన లోహములు ఒకే స్ఫటికమున ఏ నిష్పత్తిలో ఇముడునన్నది ఆనాటి విషయము. లవణము ఎట్లు కూడును, ఎట్లు నిలుచునన్న జిజ్ఞాస అప్పటినుండియే ఆయనను పట్టుకొనెను.

1888లో రాయ్ స్వదేశమునకు తిరిగివచ్చెను. అంత పెద్ద పట్టముతో వచ్చినవానికి ఏడాదికాలము ఉద్యోగము దొరకలేదు. విద్యాశాఖలోని ఉన్నతశ్రేణి ఉద్యోగములు ఆంగ్లేయులకే దక్కుచుండెను. మిత్రుడు జగదీశ చంద్ర బోసు ఇంట ఉండి ఆయన కాలము గడిపెను. తుదకు 1889లో ప్రెసిడెన్సీ కళాశాలయందు నెలకు 250 రూపాయల జీతముపై తాత్కాలిక సహాయాచార్యుడుగ నియమింపబడెను. తనకంటె తక్కువ విద్యగల ఆంగ్లేయులు తనకంటె ఎక్కువ జీతము పొందుట ఆయన కన్నులెదుట జరుగుచుండెను. ఆయన ఈ అన్యాయమును అధికారులకు నివేదింపక మానలేదు; ఫలితము లేదని చేపట్టిన పనినిగూడ మానలేదు.

తరగతి గదిలో పట్టముపొందిన యువకులు గుమాస్తా కొలువులకై వీథులవెంట తిరుగుట చూచి రాయ్ మనస్సు కలతచెందెను. దేశమున ముడిసరకు కలదు, చదివినవారు కలరు, ఈ రెంటిని కలుపు కర్మాగారములు లేవు. అందుచేత 1892లో, అప్పర్ సర్క్యులర్ రోడ్డునందలి తన యద్దె యింటనే, కొన్ని వందల రూపాయల మూలధనముతో ఔషధముల తయారీ నారంభించెను. అదియే బెంగాల్ కెమికల్ సంస్థ. పశువుల యెముకలనుండి ఫాస్ఫేటు చేయుటకై ఆయన మేడమీద ఎముకలను ఎండబెట్టగా కాకులు వానిని ఇరుగుపొరుగిండ్లపై పడవేసెను; జనులు మొరపెట్టిరి. వేరొకచోట రాత్రివేళ ఎముకలు కాల్చగా, పోలీసులు అచట హత్య జరిగినదేమోయని శంకించి వచ్చిరి.

ఆ సంస్థకు కష్టములు వెంటవెంట వచ్చెను. సహాయుడుగ వచ్చిన బంధువు సతీశ్ చంద్ర సిన్హా ప్రయోగశాలలో విషామ్లము సోకి మరణించెను. కుడిభుజముగ నిలిచిన వైద్యుడు అమూల్యచరణ్ బోసు 1898లో ప్లేగువాతబడెను. అయినను రాయ్ సంస్థను మూయలేదు. 1901లో దానిని వాటాదారుల సంఘముగ మార్చెను. తరువాత మాణిక్‌తలాలో విశాలమైన స్థలమున కర్మాగారము వెలసెను. తాను మాత్రము లాభమును ఆశింపలేదు. ఆ కాలముననే గోఖలే ఆయనను గాంధీకి పరిచయము చేయుచు, నెలకు 800 రూపాయల జీతములో 40 రూపాయలు మాత్రము తనకుంచుకొని తక్కినది ప్రజాసేవకు వినియోగించు బ్రహ్మచారియని తెలిపెను. గాంధీ తన ఆత్మకథలో ఈ పరిచయమును స్మరించెను.

ఇక రాయ్ పేరును లోకమునకు తెలిపిన పరిశోధన. దాని విలువ గ్రహింపవలెనన్న, లవణములలో దాగియుండు శక్తిని గూర్చి కొంత తెలిసికొనవలెను. మనము కూరలో వేసికొను ఉప్పు శాంతస్వభావము గలది. దానిని ఎంత కాల్చినను కరుగునే కాని ప్రేలదు. సురేకారము అట్టిది కాదు. పెట్లుప్పు అనునది దానికే మరియొక పేరు. దాని గర్భమున ప్రాణవాయువు నిలువయుండును. బొగ్గు, గంధకము తోడైనచో ఆ ప్రాణవాయువు ఒక్కమారుగ విడివడును; అదియే మందుగుండు. 17వ శతాబ్దమున డచ్చివారు పులికాటు కోటయందు మందుగుండు చేయించినది ఈ యుప్పుతోడనే.

ఇట్టి లవణములకు ఈ ఉద్రేకము ఎక్కడినుండి వచ్చుచున్నది? నత్రజని పరమాణువులు రెండు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని వాయురూపమున నుండుటనే కోరును. వానిని విడదీసి ప్రాణవాయువుతోడనో కర్బనముతోడనో కూర్చి, ఒక లోహమునకు కట్టివేసితిమేని, అవకాశము దొరికినంతనే అవి తమ పూర్వస్థితికి పరుగెత్తును. ఆ పరుగులో వేడిమియు, వాయువులును ఒక్కసారి వెలువడును. ఆ పరుగును ఆపు గోడ ఎంత యెత్తైనదో దానిని బట్టియే లవణముయొక్క స్థిరత్వ ముండును. గోడ ఎత్తైనచో సురేకారమువలె ఏండ్లకొలది మూటలో పడియుండును. గోడ పొట్టిదైనచో రాపిడికే ప్రేలును. పాదరసమునుండి పుట్టు ఫుల్మినేటు ఈ రెండవ జాతిది. 1800లో ఎడ్వర్డు హోవర్డు అను ఆంగ్లేయుడు దానిని లోకమునకు తెలుపగా, కొన్ని దశాబ్దములలో తుపాకులకు నిప్పురాయి పోయి, ఫుల్మినేటు నింపిన చిన్న టోపీ వచ్చెను. యుద్ధముల తీరే మారిపోయెను.

అదే పాదరసము, అదే నత్రికామ్లము. కాని రాయ్ చేతిలో వాని కలయిక వేరొక ఫలమునిచ్చెను. ఆయన అప్పుడు మన దేశపు అరుదైన ఖనిజములను పరీక్షించుచు, మెండెలీవు పట్టికలోని ఖాళీలను నింపగల క్రొత్త మూలకము దొరకునేమోయని వెదకుచుండెను. నడుమ వేరొక పనికై పాదరస నైట్రేటు ఎక్కువగ కావలసివచ్చెను. 1895లో ఒకనాడు పాదరసముపై పలుచని నత్రికామ్లమును పోసి, కాచకయే ఉంచెను. కొంతసేపటికి పసుపువన్నె స్ఫటికములు ఏర్పడెను. కావలసినది తెల్లని నైట్రేటు; వచ్చినది పసుపుపచ్చని వస్తువు. మరియొకడైనచో దానిని మలినమని పారబోసియుండును. రాయ్ పారబోయలేదు.

మొదట అది క్షారగుణముగల నైట్రేటు కావచ్చునని ఆయన తలచెను. కాని చుట్టునున్న ద్రవము పుల్లని ఆమ్లము. అందు క్షారలవణము పుట్టుట పొసగదు. విశ్లేషింపగా అది పాదరస నైట్రైటని తేలెను. నైట్రేటుకంటె నైట్రైటునందు ప్రాణవాయువు ఒక పాలు తక్కువ. ఈ నైట్రైటునకు మూలమైన ఆమ్లము మహాదుర్బలము. చిక్కపరుపబోయినను, వేడిచేసినను విడిపోయి ఎర్రని పొగలగును. పాదరసములోని ఆ జంటపరమాణు రూపమును అంతే. అనేక పదార్థముల సాంగత్యమున అది చెదరి, ఒక పరమాణువు లోహముగను, మరియొకటి వేరురకపు లవణముగను వేరుపడును. నిలువని రెండు వస్తువులు ఒకదానినొకటి పట్టుకొని నిలుచుట రసాయనజ్ఞులకు ఆశ్చర్యము కలిగించెను.

ఇందు యుక్తి యంతయు పరిస్థితులలోనున్నది. ఆమ్లము పలుచనగుటచేత చర్య నెమ్మదిగ సాగెను. పాదరసము మిగులునట్లు పోయుటచేత, ఆమ్లమునుండి ప్రాణవాయువు కొంత తొలగి నైట్రైటు పుట్టినంతనే, అది చెదరకమునుపే పాదరసము దానిని చేజిక్కించుకొనెను. వేడిమి లేకుండుటచేత స్ఫటికము స్థిమితముగ పెరిగెను. 1896లో రాయ్ ఈ విషయమును ఆసియా సంఘపు పత్రికయందు ప్రకటించెను. అదే యేడు మే నెలలో లండనునందలి నేచర్ పత్రిక దానిని పేర్కొని మెచ్చుకొనెను. దక్షిణ, ఉత్తర దేశముల రసాయనజ్ఞులెల్లరు చదువు పత్రికలో వంగదేశపు ప్రయోగశాల పేరు కనబడుట ఆనాటికి విశేషము.

ఆ పసుపు స్ఫటికము ఆయనకు ఒక నూతనలోకపు ద్వారమయ్యెను. ఇరువదియేండ్లకు పైగ రాయ్ తన శిష్యులతో నైట్రైటుల వెంటబడెను. వెండి, క్షారలోహములు, సున్నపుజాతి లోహములు: ఒక్కొక్కదాని నైట్రైటును శుద్ధముగ తయారుచేసి, ఏ వేడిమికి చెదరును, చెదరినపుడు ఏ వాయువులు వెలువడును, ఏమి మిగులునని పరీక్షించెను. ప్రేలుడు లవణములను కోపిష్ఠి మనుష్యులవలె దూరమునుండి చూచి భయపడుట కాదు. వాని స్వభావమును ఓపికతో తెలిసికొనుట ఆయన పద్ధతి.

ఈ మార్గమున కఠినమైన పరీక్ష అమోనియము నైట్రైటు. ఇందు లోహము లేదు. లోహపు స్థానమున అమోనియా వర్గమున్నది. దీని ద్రావణమును కాచినచో నత్రజని వాయువు వచ్చునని కళాశాల విద్యార్థులెల్లరు ఎరుగుదురు. ప్రయోగశాలలో నత్రజనిని చేయు పద్ధతియే అది. పొడి లవణమైనచో వేడికి ప్రేలగలదు. ఇట్టిదానిని చెదరకుండ ఆవిరిగ మార్చుట అసాధ్యమని తలచుచుండిరి. రాయ్, నీలరత్న ధర్ మొదలగు శిష్యులతో, గాలి తీసివేసిన పాత్రలో మందవేడిమిపై దానిని కాచెను. కొంత చెదరెను, కొంత చెదరకయే ఆవిరియై చల్లని భాగమున మరల గడ్డకట్టెను. ఆ ఆవిరి సాంద్రతను కొలిచి, అణువు చెదరకయే యున్నదని నిర్ణయించెను. 1912లో లండనునందు రసాయనశాస్త్ర సంఘమున ఈ పరిశోధనను చదివినపుడు విలియమ్ రామ్సే వంటి మహాశాస్త్రజ్ఞుడు ఆయనను అభినందించెను.

ప్రయోగశాల పనితోబాటు ఆయన మరియొక మహాకార్యమును నెరవేర్చెను. ఫ్రెంచి రసాయనజ్ఞుడు బెర్తెలో ప్రోత్సాహమున, తాళపత్రముల వెంటబడి, హిందూ రసాయనశాస్త్ర చరిత్రను రెండు సంపుటములుగ రచించెను. మొదటిది 1902లోను, రెండవది 1909లోను వెలువడెను. నాగార్జునుని పేర ప్రచారముననున్న రసరత్నాకరము, రసార్ణవము మొదలగు గ్రంథములను పరిశీలించి, అందలి యంత్రములను, పుటములను, లోహశోధన పద్ధతులను పాశ్చాత్యులకు తెలిసిన రసాయనముతో పోల్చి చూపెను. పూర్వుల ఘనతను చెప్పుటతో ఆయన తృప్తిపడలేదు. అంతటి విద్య ఏల అంతరించెనన్న ప్రశ్నకును జవాబు వెదకెను. కులవిభేదములు గట్టిపడి, చేతిపని చేయువాడు వేరు, శాస్త్రము చదువువాడు వేరు అగుటచేత, ఎందుకు, ఎట్లు అను విచారణ మన దేశమున నశించెనని ఆయన తేల్చెను. ఈ మాట ఎందరికో రుచింపలేదు. ఆయన వెనుదీయలేదు.

ఆ సంవత్సరములలో కలకత్తా నగరము కుతకుత నుడుకుచుండెను. 1905 వంగవిభజనతో స్వదేశీ ఉద్యమము చెలరేగెను. పిక్రిక్ ఆమ్లము, ఫుల్మినేటు వంటి పదార్థములతో యువకులు రహస్యముగ బాంబులు చేయసాగిరి. 1908 ఏప్రిల్ 30న ముజఫర్‌పూరులో బాంబు పడెను. ఇరువురు ఆంగ్ల స్త్రీలు మరణించిరి. రెండు దినములకు మాణిక్‌తలాయందలి ఒక తోటలో అరవిందుని సోదరుడు బారీంద్రుడు మొదలగువారు పట్టుబడిరి. వారిలో ఉల్లాస్కర్ దత్తు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివినవాడు. అదే మాణిక్‌తలాలో రాయ్ కర్మాగారమున్నది. లవణములలోని శక్తిని రాయ్ కంటె బాగుగ నెరిగినవాడు ఆ నగరమున లేడు. ఆయన దేశభక్తియు ఎవరికిని తీసిపోవునది కాదు. అయినను ఆయన ఎన్నుకొన్న మార్గము వేరు: మందులు చేయు కర్మాగారము, పరిశోధన చేయు శిష్యులు, స్వంతకాళ్ళపై నిలుచు యువకులు. ఒక్క క్షణమున ప్రేలునది కాక నూరేండ్లు నిలుచునది కావలెనని ఆయన పనులన్నియు చెప్పుచున్నవి.

1916లో ప్రెసిడెన్సీ కళాశాలనుండి విరమించి, తారకనాథ పాలిత్ దానముతో ఏర్పడిన విశ్వవిద్యాలయ విజ్ఞానకళాశాలలో ఆచార్యపీఠము నలంకరించెను. ఆ భవనమునందలి ఒక గదియే ఆయన ఇల్లు. ఒక మంచము, కొన్ని పుస్తకములు, ముతక వస్త్రములు ఆయన ఆస్తి. పేద విద్యార్థులు ఆయనతోనే భుజించి ఆయనతోనే నివసించెడివారు. 1919లో ప్రభుత్వము ఆయనకు సర్ బిరుదమిచ్చెను. 1921లో అరువదియేండ్లు నిండగా, అప్పటినుండి తాను పొందబోవు జీతమునంతయు రసాయనశాస్త్ర పరిశోధనకై విశ్వవిద్యాలయమునకే ఒసగెను. 1936లో విరమించువరకు ఆ మాట తప్పలేదు. మేఘనాద సాహా, సత్యేంద్రనాథ బోసు, జ్ఞానచంద్ర ఘోషు, నీలరత్న ధర్ ఆయన పాదములకడ కూర్చుండి చదివినవారే.

1921లో ఖుల్నా మండలమున కరవు వచ్చెను. మరుసటి యేడు ఉత్తరవంగమును వరదలు ముంచెను. అరువదియొక్క యేండ్ల వృద్ధాచార్యుడు ప్రయోగశాల విడిచి, విరాళములు పోగుచేసి, బియ్యము, బట్టలు పంచు సహాయసంఘమునకు నాయకుడయ్యెను. పంటపోయిన పల్లెలలో ఆయన చూచినదేమనగా, పొలముపని లేని నెలలలో రైతుకుటుంబమునకు మరియొక ఆధారము లేదు. అంతకుముందు రాట్నమును గూర్చి ఆయనకు సందేహముండెను. ఆవిరియంత్రములతో కర్మాగారము నడిపినవాడు రాట్నమును నమ్ముట సులభము కాదుగదా! ఆ కరవు ఆయన సందేహమును తీర్చెను. గాంధీ చెప్పినందున కాక, లెక్కవేసి చూచినందున ఆయన రాట్నమును స్వీకరించి, నిత్యము కొంతసేపు తానును వడకసాగెను.

ఆ రాట్నమునకు తెలుగుదేశముతో దగ్గరి సంబంధము కలదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో సమావేశమైన అఖిలభారత కాంగ్రెసు సంఘమే తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసునకు కోటిమంది సభ్యులు, దేశమున ఇరువది లక్షల రాట్నములు కావలెనని తీర్మానించినది. బెజవాడనుండి కృష్ణను దాటి కొంతదూరము పోయినచో మంగళగిరి వచ్చును. కొండపై పానకాలస్వామియు, దిగువ రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కట్టించిన గాలిగోపురమును, వీథులలో మగ్గపుచప్పుడును ఆ యూరి గుర్తులు. అట్టి నేతయూళ్ళలో మగ్గము బ్రతికియుండెను గాని, దానికి నూలునందించు రాట్నము మూలబడెను. నూలు మిల్లులనుండి వచ్చుచుండెను. నూలుధర పెరిగినచో సాలెవాని పొయ్యి ఆరును. ఖుల్నాయందు రైతుకొరకు రాయ్ చేసిన ఆలోచన, మంగళగిరి సాలెవానికిని వర్తించునట్టిది: జీవనాధారము పరులచేతనుండినంతకాలము ఏ వృత్తికిని స్థిరత్వము లేదు.

1923 డిసెంబరులో కాకినాడయందు కాంగ్రెసు మహాసభ మౌలానా మహమ్మదాలీ అధ్యక్షతన జరిగెను. ఆ సందర్భమున ఏర్పడిన ఖద్దరు ప్రదర్శనమును ప్రారంభించుటకు ఆచార్య రాయ్ తెలుగునేలకు వచ్చెను. టిక్కెట్టు లేనిదే జవహర్లాల్ నెహ్రూను సైతము లోనికి పోనీయని పద్నాలుగేండ్ల బాలిక దుర్గాబాయి కథ ఈ సభల సందర్భమునదే. ఐరోపా పండితసభలలో గౌరవము పొందిన రసాయనాచార్యుడు, ముతక ఖద్దరు ధరించి, ఆంధ్రుల చేనూలు బట్టల ముందు నిలుచుట చూచినవారికి, శాస్త్రము పల్లెకు పరాయిది కాదని తోచియుండును.

ఈ రాట్నము ఆయనకు విరోధమునుకూడ తెచ్చిపెట్టెను. ఆయన పుట్టిన యేడే పుట్టిన రవీంద్రనాథ ఠాకూరు రాట్నమును సర్వరోగనివారిణిగ ఒప్పుకొనలేదు. రాయ్ ఆయనను పత్రికాముఖమున తప్పుపట్టగా, ఠాకూరు 1925లో దీర్ఘమైన వ్యాసముతో ప్రత్యుత్తరమిచ్చెను. ఎల్లరును ఒకే యంత్రమును ఒకే తీరున త్రిప్పుట మనస్సునకు బంధనమని కవి భయము. తిండిలేని మనస్సునకు స్వేచ్ఛ ఎక్కడిదని ఆచార్యుని ఆవేదన. ఇద్దరిలో నెవరిది సరియను విచారణ నేటికిని ముగియలేదు. వారి మైత్రి మాత్రము చెడలేదు.

రాజకీయములలో, సహాయకార్యములలో పడి రాయ్ శాస్త్రమును నిర్లక్ష్యము చేసెనని కొందరందురు. ఆయన తీరిక తగ్గినమాట నిజమే. పరిశోధన కొంత ఆగవచ్చును గాని దేశస్వాతంత్ర్యము ఆగజాలదని ఆయన విశ్వాసము. కాని ఆయన పరిశోధన పూర్తిగ నిలిచిపోలేదు. 1920వ దశకమున గంధకముగల కర్బనపదార్థములతో ప్లాటినము, బంగారము మొదలగు లోహముల కలయికలను పరిశీలించెను. 1924లో భారత రసాయనశాస్త్ర సంఘమును స్థాపించి తొలి అధ్యక్షుడయ్యెను. మన శాస్త్రజ్ఞులు తమ పరిశోధనలను ప్రకటించుకొనుటకు స్వంతపత్రిక అట్లు ఏర్పడెను. తన చేతులు వేరొక పనిలోనున్నపుడు గూడ పని సాగునట్లు శిష్యులను, సంస్థలను సిద్ధముచేసియుంచుటయే ఆయన చేసిన జాగ్రత్త.

వంగీయ రసాయనజ్ఞుని జీవితానుభవములను ఆయన స్వయముగ వ్రాసి 1932, 1935 సంవత్సరములలో రెండు సంపుటములుగ ప్రకటించెను. అందు ప్రయోగశాలకంటె రైతు, నిరుద్యోగి, వర్తకుడు ఎక్కువ చోటాక్రమించుట గమనింపదగినది. 1943లో వంగదేశమును మహాక్షామము కబళించెను. కరవుతో పోరాడిన ఆ వృద్ధుడు అప్పటికి శయ్యాగతుడు. 1944 జూన్ 16వ తేదీన, విజ్ఞానకళాశాలలోని ఆ గదిలోనే, శిష్యుల నడుమ కన్నుమూసెను. స్వరాజ్యమును చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. మూడేండ్ల వ్యవధి మాత్రము మిగిలియుండెను.

ఆయన చేతులమీదుగ పుట్టినవి నిలిచెను. బెంగాల్ కెమికల్ సంస్థ ఎన్నో ఒడుదుడుకులకు లోనై, 1980లో ప్రభుత్వపరమై, నేటికిని మందులు చేయుచున్నది. పాదరస నైట్రైటు స్ఫటికముయొక్క అంతర్నిర్మాణమును 1980వ దశకమున జపాను శాస్త్రజ్ఞులు ఎక్స్ కిరణములతో పరిశీలించి నిర్ణయించిరి. 2011లో, ఆయన నూటయేబదవ జయంతివేళ, ఇంగ్లండునందలి రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ ప్రెసిడెన్సీ కళాశాలలో స్మారకఫలకమును ఉంచెను. ఐరోపాకు వెలుపల ఆ సంఘము ఉంచిన తొలి ఫలకము అదియే.

ఆయన అడిగిన ప్రశ్న నేటికిని పాతబడలేదు. సీసపు అజైడు గనులలో రాతిని పగులగొట్టు మందునకు తొలినిప్పు అందించుచున్నది. సోడియము అజైడు మోటారుకారులలో గాలిసంచిని ఊదించి ప్రాణములు కాపాడినది. 2020 ఆగస్టు 4న బేరూతు రేవున ఏండ్ల తరబడి అశ్రద్ధగ పడియున్న సుమారు 2,750 టన్నుల అమోనియము నైట్రేటు ప్రేలి రెండువందలకు పైబడి జనులను బలిగొనెను. రాయ్ గాజుపాత్రలో చెదరనీయక ఆవిరిచేసిన లవణమునకు ఇది ఒక పాలు ప్రాణవాయువు ఎక్కువైన సోదరము. స్వభావమున దానికంటె ఎంతో శాంతమైనది. శాంతమైనది గూడ అశ్రద్ధచేత ప్రేలెను. ప్రేలుననుకొన్నది గూడ శ్రద్ధచేత నిలిచెను. పదార్థము నిలుచుటయు చెదరుటయు దాని స్వభావముపై మాత్రమే కాక, దానిని చేపట్టినవాని ఓర్పుపైనను, ఉంచిన పరిస్థితిపైనను ఆధారపడును. సిద్ధులు కొలుములముందు వెదకిన రసబంధ రహస్యము, కాచకుండ ఉంచిన ఒక గాజుగిన్నెలో ఆచార్య రాయ్‌కు ఇంత సామాన్యముగ గోచరించెను.